ఎగ్జిట్ మేడమ్

మొన్న సౌదీలోని హుఫూఫ్‌లో తెలుగువాళ్ళ విందు జరిగింది. ఊరి చివర ఖర్జూరం తోటల పక్కన ఒక హాలు అద్దెకు తీసుకున్నారు. నేను లోపలికి అడుగుపెట్టి, ఎదురొచ్చి పలకరించినవాళ్ళకి సరిగ్గా బదులైనా చెప్పకుండా గోడ వెంబడి నడుచుకుంటూ పోయాను. వంటవాళ్ళున్న వైపు రెండో తలుపు కనిపించింది. దాని గడియ తీసుందో లేదో లాగి చూశాను. ఆ తర్వాత వచ్చి, పెద్ద ద్వారం కనబడేటట్టు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను. పులిహోర వడ్డిస్తున్నాయన నన్ను దొంగను చూసినట్టు చూశాడు.

మా ఆవిడ పక్కవాళ్ళతో, "ఏం లేదండీ. ఈయనకి ఎగ్జిట్ మేడమ్ పూనింది. ఆకు వేస్తే దిగిపోతుంది" అంది.

పూనడమే అది. ఆవిడ మా రిఫైనరీ ఊరు రాస్ తనూరా వదిలి వెళ్ళి రెండేళ్ళు దాటింది గానీ నన్ను మాత్రం వదల్లేదు.

ఆవిడ అమెరికా మనిషి, టెక్సస్ రాష్ట్రం. రిఫైనరీ పనులు చేసే మా కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ పాఠాలు చెప్పేది. అరవైకి దగ్గర పడ్డ వయసు, పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక విజిల్. పేరు రాయను. రాసినా మా వాళ్ళెవరూ గుర్తుపట్టరు, వాళ్ళకి ఎగ్జిట్ మేడమ్ అంటేనే తెలుసు. నేను అదే కంపెనీలో ఇన్‌స్పెక్షన్ ఇంజినీరుని. మాది సామర్లకోట. కూలీల్లో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు కాబట్టి, ఆవిడ ఇంగ్లీషును తెలుగులోకి దించే బాధ్యత నా నెత్తిన పడింది. పడింది అనడం అబద్ధం. నేనే ఎగబడి తీసుకున్నాను. మైకు ముందు నిలబడే అవకాశం వస్తే నేను వదులుకోను.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. గల్ఫ్‌లో ఎగ్జిట్ అంటే తలుపు కాదు. ఎగ్జిట్ కొట్టారు అంటే, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రద్దు చేసి, మళ్ళీ రాకుండా ఇంటికి పంపేశారని అర్థం. ఇది పాపం ఆవిడకి తెలీదు. మొదటి రోజు పాఠంలో ముందు బెంచీ మీదున్న రాజేశం వైపు వేలు చూపించి, "నీ ఎగ్జిట్ ఎక్కడ?" అని గట్టిగా అడిగింది. రాజేశం ఫోర్‌మన్, అందరికంటే సీనియర్. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

"నేనేం తప్పు జేసిన సార్? నాకు ఎగ్జిట్ ఎందుకంటున్నది? అగ్రిమెంటు ఇంక ఉన్నది గద" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ పక్కవాణ్ణి అడిగింది. వాడు రెండు చేతులూ జోడించి, "నో ఎగ్జిట్ మేడమ్, నో ఎగ్జిట్" అని బతిమాలాడు. ఆవిడ కంగారుపడిపోయింది. "విన్నారా, ఇతనికి ఎగ్జిట్ లేదట. ఇది చాలా ప్రమాదం. రేపటికల్లా ఇతనికి ఎగ్జిట్ ఏర్పాటు కావాలి" అంది నా వైపు తిరిగి.

నా ఇంజినీరింగ్ చదువూ, పదిహేనేళ్ళ సౌదీ అనుభవమూ కలిపి, నేను దాన్ని తు.చ. తప్పకుండా అనువదించాను. "ఇతనికి రేపటికల్లా ఎగ్జిట్ ఇప్పించాలంటోంది."

ఆ తర్వాత ఆ పాఠాల క్యాబిన్‌లో రేగిన గోల సర్దుమణగడానికి కంపెనీ మేనేజరు రావాల్సొచ్చింది. అసలు సంగతి తెలిశాక మా వాళ్ళు నవ్వారు, ఆవిడ నవ్వలేదు. సాయంత్రం రాజేశం దగ్గరకి వెళ్ళి, తలుపుని మీ ఊళ్ళో ఏమంటారో అడిగి నేర్చుకుంది. మర్నాటి నుంచి "రాజా శ్యామ్, దర్వాజ ఎక్కడ?" అనేది. రాజేశాన్ని ఆవిడ చివరిదాకా రాజా శ్యామ్ అనే పిలిచింది. ఆయనకీ అది నచ్చింది. ఇంటికి ఫోన్ చేసి, అమెరికామె నన్ను రాజా అంటదని చెప్పుకునేవాడు.

నా తెలుగు గురించి ఆయన అభిప్రాయం కూడా ఆ రోజే తెలిసింది. "సార్ తెలుగు గూడ ఇంగ్లీషు లెక్కనే ఉంటది. మేడమ్ జెప్తెనే జర నయం, చేతులన్న ఊపుతది" అన్నాడు పక్కవాడితో, నాకు వినబడేటట్టు.

నిజమే, ఆవిడ చేతులతోనే పాఠం చెప్పేది. రిఫైనరీలో ఒక విషవాయువు ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే కంపు తెలియదు. "వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు, నీ ముక్కు చచ్చిందని. తర్వాత నువ్వు" అని, ముక్కు పట్టుకుని కుర్చీలో వాలిపోయి చూపించేది. అందుకని అలారం మోగగానే కదలాలి. బూట్లు వెతుక్కోకూడదు, టీ గ్లాసు ఖాళీ చేయకూడదు. "గెటప్. వాక్." ఈ రెండు మాటలకి అనువాదం వద్దని నన్ను ఆపేసింది. ఆ రెండు మాటలూ అనడం, అందరూ లేచి వరసగా బయట, ప్రమాదమప్పుడు చేరాల్సిన చోట పెట్టిన ఆకుపచ్చ బోర్డు కింద నిలబడడం, ఆవిడ వేలితో తలలు లెక్కపెట్టుకోవడం. ఇదే పాఠం. అన్నం తినేటప్పుడు ఆ మాటలు వినబడినా లేచేవాళ్ళు. ఒకసారి క్యాంటీన్‌లో నేను బిర్యానీ పళ్ళెంతో సహా లేస్తే, పళ్ళెం వదిలేసి రమ్మని వెనక్కి పంపింది. ఆ బిర్యానీ ఏ పిల్లి తిన్నదో మళ్ళీ కనబడలేదు.

ఎక్కడికి వెళ్ళినా తలుపుకి ఎదురుగా కూర్చునేది. మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు, చెప్పులు విప్పి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు పుచ్చుకుని, ఇల్లంతా తిరిగి చూసింది. వెనక తలుపుకి అడ్డంగా మూడు సోనా మసూరి బస్తాలున్నాయి. వంగి మొదటి బస్తా ఈడ్చడం మొదలుపెట్టింది. అతిథి బియ్యం బస్తాలు మోయడం మా వంశంలో లేదు కాబట్టి నేనూ పట్టాను. నడుం పట్టింది. మా ఆవిడకి మొదట ఒళ్ళు మండినా, ఆ వారమంతా నేను నడుం పట్టుకుని తిరగడం చూసి ఆవిడ మీద అభిమానం పెంచుకుంది.

మా ఆవిడ జుబైల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గైనిక్ డాక్టరు. ఇంట్లో డాక్టరు ఉన్నా, లోకజ్ఞానం శాఖ మాత్రం నాదే. ముఖ్యంగా అమెరికా. నేను అమెరికా ఎన్నడూ చూడలేదు, అందువల్ల దాని గురించి నాకు సందేహాలు తక్కువ. రోజూ ఫోన్‌లో రెండు మూడు గంటలు చర్చలు విని వచ్చేవాణ్ణి. 2022 జూన్ నెలలో వాళ్ళ పెద్ద కోర్టు వరుసగా రెండు రోజుల్లో రెండు తీర్పులిచ్చింది. ఒకటి, ఇంటి బయట కూడా తుపాకీ పెట్టుకు తిరగడం పౌరుల హక్కు అని. రెండోది, గర్భం తీసేయించుకోవడం రాజ్యాంగ హక్కేమీ కాదు, ఏ రాష్ట్రం సంగతి ఆ రాష్ట్రం చూసుకోవచ్చని. నేను రెండు రోజులూ క్యాంటీన్‌లో ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆ తీర్పుల్లోని సూక్ష్మాలు ఆవిడకి బోధించాను. తాతకు దగ్గులు నేర్పడం అంటారే, అది. ఆవిడ వింటూ కాఫీ తాగింది. నేను జడ్జీల పేర్లు తప్పుగా పలికినప్పుడు కూడా దిద్దలేదు.

అంతా అయ్యాక, "మా అల్లుడు ఇంకోటి కొన్నాడు" అంది.

"ఏమిటి?"

"పిస్తోలు. ఇదివరకు బిస్కెట్ల డబ్బా ఉండే అలమరలో పెట్టాడు, పైన. మనవడికి అందదట. వాడికి అయిదేళ్ళు. స్కూల్లో నేర్పారు వాడికి, ఎవరైనా తుపాకీతో లోపలికి వస్తే బీరువాలో ఎలా కూర్చోవాలో. నాకు వీడియో కాల్‌లో చూపించాడు. చూస్తుండగానే ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయాడు. నేనే భయపడి, చాల్లేరా నాన్నా, గాలి పీల్చుకో అన్నాను."

నేను వాళ్ళ రాజ్యాంగంలో తుపాకీ హక్కునిచ్చే రెండో సవరణ గురించి ఏదో అనబోయి, సమోసా నోట్లో పెట్టుకున్నాను.

ఇంకోసారి దమ్మామ్ సూపర్ మార్కెట్లో కనబడింది. బండి నిండా సామాను. అంతా ఒక్కతే తింటుందా అని వేళాకోళం చేశాను. మా ఊళ్ళో నేను బండి నింపడం మానేశానంది. నడుముకి పిస్తోలున్నవాడు పాల సీసాల దగ్గర కనిపిస్తే, వాడు మంచివాడో కాదో చూసి చెప్పే యంత్రం నా దగ్గర లేదు కదా, బండి అక్కడే వదిలేసి వచ్చేసేదాన్ని, ఇంట్లో వారమంతా సగం వంటే అంది. నేను ఉబ్బిపోయి, "అయితే సౌదీ స్వర్గం అంటారు" అన్నాను. "ఆడవాళ్ళని కారు నడపనివ్వని రోజుల్లో వచ్చాను నేను ఇక్కడికి. నాకు స్వర్గాలు చూపించకు" అని, బండి తోసుకుంటూ పోయింది. నా మాటల్లో చాలావాటికి ఆవిడ దగ్గర ఇలాంటి గతే పట్టేది.

మరుసటి ఏడాది వేసవి మొదట్లో మేడమ్ కూతురు మళ్ళీ నెల తప్పింది. మేడమ్ హుఫూఫ్ బజారులో పసిపిల్లలకి సరిపోయే బుల్లి బిష్త్, అదే అరబ్బులు పైన వేసుకునే అంగీ, బేరం చేస్తుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. పుట్టకముందు బట్టలు కొనకూడదు మా ఇళ్ళల్లో అంది. నేను వెంటనే అది మూఢనమ్మకమని, ఆధునిక భావాలు గలవాణ్ణి కాబట్టి, ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్ నన్ను పట్టించుకోలేదు. బిష్త్ తిరిగి ఇచ్చేసి ఖర్జూరాలు కొంది.

నాలుగో నెల దాటుతుండగా కూతురికి ఉమ్మనీరు పోయింది.

ఆ సాయంత్రం మేడమ్ మా ఇంటికి వచ్చింది. తలుపులేవీ చూడలేదు, వచ్చి ఎక్కడ పడితే అక్కడ కూర్చుంది. కూతుర్ని ఫోన్‌లో పెట్టి మా ఆవిడకి ఇచ్చింది. మా ఆవిడ అడగాల్సినవి అడిగింది. జ్వరం ఉందా, నొప్పి ఉందా, వాసన వస్తోందా, నాడి ఎంత ఉంది. ఫోన్‌లో అమ్మాయి గొంతు నెమ్మదిగా ఉంది. బిడ్డ నిలవదని అక్కడి డాక్టరే చెప్పిందట. కానీ లోపల గుండె ఇంకా కొట్టుకుంటోంది, ఆ తీర్పు తర్వాత టెక్సస్‌లో గర్భం తీయడం నేరం, ఇప్పుడు ముట్టుకుంటే చట్టం తమ మీదికి వస్తుందేమోనని, ఆసుపత్రి లాయరుతో మాట్లాడాలని చెప్పి ఇంటికి పంపేశారట. జ్వరం పెరిగితే రమ్మన్నారట.

"పెరిగితే రమ్మనడమేమిటి?" అంది మా ఆవిడ ఫోన్ పెట్టేశాక, నాతో, తెలుగులో. "ఒకసారి ఒంటికి విషం ఎక్కాక ఎంతసేపట్లో ఏమవుతుందో ఎవరు చెప్పగలరండీ? ఇక్కడా కాగితాలుంటాయి, కమిటీ కూర్చోవాలి, సంతకాలు కావాలి. కాదనను. కానీ ఆ సంతకాలు పెట్టేది డాక్టర్లండీ."

తర్వాత మేడమ్ పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పింది. ఆగకూడదు. పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలో చేస్తారు కదా, అక్కడికి వెళ్ళిపొమ్మనండి, ఇవాళే. మేడమ్ తలూపింది. కూతురు మాత్రం ఒప్పుకోవడం లేదంది. అంత దూరం కారులో పోతే దారిలో ఏమైనా అయితే అని ఆ అమ్మాయి భయం, దారిలో ఎవరైనా ఆపి అడిగితే ఏం చెప్పాలని అల్లుడి భయం. లాయరు ఫోన్ చేస్తాడేమో, ఇంకొంచెం చూద్దాం అంటున్నారట. నేను ఆ గదిలోనే ఉన్నాను. అమెరికా చట్టాల మీద రెండు రోజులు ఉపన్యసించినవాణ్ణి. కాఫీ పెట్టమంటారా అని అడిగాను.

మేడమ్ వెళ్ళి రావడానికి కంపెనీ వాళ్ళు అనుమతి వేయించారు. విమానం టికెట్టు మర్నాటి సాయంత్రానికి గానీ దొరకలేదు. మర్నాడు సెలవు పెట్టమంటే పెట్టలేదు. గదిలో కూర్చుని గోడలు చూడలేనంది.

వేసవి నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదు. ఆ వేళలోనే ఏసీ క్యాబిన్‌లో పాఠాలు పెట్టేవాళ్ళు. ఆ రోజూ క్యాబిన్ నిండా జనం. పాఠం మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ ఒక ట్రేలో పెట్టించడం ఆవిడ నియమం. ఆ రోజు తన ఫోన్ మాత్రం బల్ల మీద ఉంచుకుంది. రాజేశం నన్ను పక్కకి పిలిచి ఏమైందని అడిగాడు. నాకు తోచినట్టు చెప్పాను. మేడమ్ బిడ్డకి కడుపు నిలవడం లేదు, వైద్యం చేయాలంటే కోర్టు తీర్పు అడ్డొస్తోంది, డాక్టర్లు లాయర్లని అడుగుతున్నారు అన్నాను.

"కడుపు పోతుంటే దవాఖానల పెట్టుకోరా సార్? నడిమిట్ల కోర్టెందుకొచ్చె?"

"అది పెద్ద కథ రాజేశం. అక్కడ ఫెడరల్ వ్యవస్థ..."

"ఆమె పానం ఎట్లున్నది?"

"జ్వరం వస్తుందేమోనని చూస్తున్నారు."

"అయితే గదే చెప్పుండ్రి. తక్కిందంత మనకెందుకు" అని వెళ్ళి తన బెంచీలో కూర్చున్నాడు.

పాఠం సగంలో ఫోన్ మోగింది. ఇక్కడ మధ్యాహ్నం రెండు, అక్కడ తెల్లవారుజాము. ఆవిడ చేత్తో ఆగమని సైగ చేసి గోడ వైపు తిరిగి మాట్లాడింది. అవతలి మాటలు మాకు వినబడవు. ఆవిడవి వినబడుతున్నాయి. "ఎంత?... ఎప్పటినుంచి వణుకు?... వాళ్ళేమన్నారు?... లాయరు వచ్చాడా?" డాక్టరు వచ్చాడా అని కాదు, లాయరు వచ్చాడా అని అడిగింది. "తొమ్మిదింటికి వస్తాడా?... లేదు. నా మాట విను. లేదమ్మా, ఇంక చూసేదేం లేదు." కాసేపు విన్నది. వీపు నిటారుగా అయింది. గొంతు మారిపోయింది, రోజూ మాతో మాట్లాడే గొంతులోకి.

"గెటప్. వాక్."

మొదట లేచింది నేను. గదిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో, దేని గురించో, ముందు రోజు నుంచీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా నా కాళ్ళు నన్ను అడగలేదు. నా వెనక రాజేశం, ఆయన వెనక క్యాబిన్ అంతా. తోసుకోకుండా, మాట్లాడకుండా, నేర్పినట్టే నడుచుకుంటూ వెళ్ళి ఎర్రటి ఎండలో ఆకుపచ్చ బోర్డు కింద వరసలు కట్టాం. అక్కడ నిలబడ్డాక గానీ నాకు బుర్ర తిరిగి రాలేదు. మేనేజరు చూస్తే ఏమంటాడు, ఎండలో మనుషుల్ని నిలబెట్టినందుకు కంపెనీకి ఏమవుతుంది అని ఆలోచిస్తున్నాను. వెనక్కి పొమ్మని చెప్పాలా అని రాజేశం వైపు చూశాను. ఆయన కదలొద్దన్నట్టు కళ్ళతోనే చెప్పాడు.

ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే బయటికి వచ్చింది. మమ్మల్ని చూసి మెట్ల మీద ఆగిపోయింది. ఆ మొహం నేను వర్ణించలేను. అలవాటు ప్రకారం వేలు పైకి లేచింది. మొదటి వరస నుంచి చివరి వరసదాకా తలలు లెక్కపెట్టింది. తర్వాత ఫోన్‌లో చాలా మెల్లగా, ఒక్కో మాటే అంది.

"ఇక్కడ అందరూ బయటికి వచ్చేశారు తల్లీ. లోపల ఉన్నది నువ్వొక్కదానివే. వచ్చెయ్."

మా వాళ్ళకి ఆ ఇంగ్లీషు ఎంత అర్థమయిందో తెలీదు. అవతల కారు తలుపు వేసిన చప్పుడు వినేదాకా ఆవిడ ఫోన్ దించలేదు. అప్పటిదాకా ఎవరూ నీడలోకి పోలేదు. మర్నాడు నా మాడు మీద చర్మం ఊడింది. బట్టతల ఉన్నవాళ్ళు హెల్మెట్ మర్చిపోకూడదని నాకే పాఠం చెప్పాల్సి ఉంది.

ఆ సాయంత్రం దమ్మామ్ విమానాశ్రయానికి నేనే కారులో తీసుకెళ్ళాను. ఒక్క అభిప్రాయమూ చెప్పకుండా అంత దూరం కారు నడిపింది నా జీవితంలో అదే మొదటిసారి. బయల్దేరడానికి గంట ముందే ఫోన్ వచ్చింది. అల్లుడు. న్యూ మెక్సికో ఆసుపత్రికి చేరారు. లోపలికి తీసుకెళ్ళారు, ఇంకా తెలీదు. మేడమ్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎయిర్‌పోర్టు దీపాలు కనబడుతుండగా మళ్ళీ మోగింది. ఈసారి కూతురే. ఆవిడ చాలాసేపు విన్నది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. నేను కారు పక్కకి తీసి ఆపేశాను. అయిపోయిందనుకున్నాను.

కాదు. గర్భం పోయింది, కూతురు బతికింది. ఒంటికి విషం ఎక్కకముందే చేరింది.

"అక్కడి డాక్టరు వచ్చి మా అమ్మాయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిందట" అంది మేడమ్, నా రుమాలు తీసుకుని. "జ్వరం ఎక్కువగా ఉంది, వెంటనే మొదలుపెట్టాలి అందట. మా అమ్మాయి భయపడి, ఎవరినీ అడగక్కర్లేదా అందట."

మేడమ్ రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అడగాలి, అందుకే నిన్ను అడుగుతున్నాను, మొదలుపెట్టమంటావా, అందట ఆ డాక్టరు."